నడవగలిగిన వారికే ఎముకల వార్డు

ఎముకల డాక్టరమ్మ ఫోనులో అన్నది రాడ్డు. గరువుపాలెం పంచాయతీ ఆఫీసు చేరేసరికి అది రోడ్డయింది.

జరిగిందేమిటంటే, బసవలింగం నాటకం రిహార్సల్లో చెక్కబల్లల మీంచి పడి, మోకాలికీ మడమకీ మధ్య ఎముక విరగ్గొట్టుకున్నాడు. పక్క ఊళ్ళో ఎక్స్‌రే తీయించి, దాని ఫొటో పట్నంలో పెద్దాసుపత్రి డాక్టరమ్మకి పంపారు. "రాడ్డు వేస్తే కానీ ఆ మనిషి నడవలేడు" అందావిడ. ఆ మాట విన్నది నాటక సమాజంలో హార్మోనియం వాయించే పేరయ్య. పెట్టె మీద చెవి వాల్చి వాల్చి, ఆ చెవికి శ్రుతి తప్ప ఇంకేదీ సరిగా వినపడని స్థితికి వచ్చినవాడు. ఆయన తిన్నగా సర్పంచి గోవర్ధనం దగ్గరికి పోయాడు.

"రోడ్డేస్తే కానీ మా బసవలింగం నడవలేడంట."

"ఒక్క మనిషి నడవటానికి రోడ్డేందయ్యా? ఊరంతా బురదలో నడవట్లా?"

"పెద్ద డాక్టరమ్మే చెప్పింది."

"ఎంత పొడుగంట?"

పేరయ్య మళ్ళీ ఫోన్ చేసి అడిగి వచ్చాడు. "మూరెడు లోపే చాలంట. స్టీలుతో వేస్తారంట."

సర్పంచి ఆలోచనలో పడ్డాడు. అంత పొట్టి రోడ్డు ఆయన పాలనలోనే కాదు, ఎవరి పాలనలోనూ పడలేదు. దాని కన్నా శంకుస్థాపన రాయే పొడుగవుతుంది. ఎటు నుంచి ఎటు వేయాలో అడుగుదామని ఆయన నోరు తెరిచేలోపు బసవలింగం భార్య మంగతాయారు ఆటో మాట్లాడుకుని అటుగా వచ్చింది.

"రోడ్డు కాదు బాబాయ్, రాడ్డు. ఆయన కాల్లో వేస్తారంట."

గోవర్ధనం కుర్చీలో వెనక్కి వాలాడు. "కాలి లోపలయితే పంచాయతీ పరిధి కాదమ్మా. పెద్దాసుపత్రి పరిధి."

ఆ విధంగా బసవలింగం కాలు ఒక పరిధి దాటి ఇంకో పరిధిలోకి బయల్దేరింది. కాలికి కట్టు, పక్కన కట్టుకున్నది, ముందు సీట్లో ఏడుకొండలు.

ఏడుకొండలు ఎవరో చెప్పాలంటే ముందు ఒక సంగతి చెప్పాలి. పద్యనాటకంలో వేషం ఒక్క మనిషి సొత్తు కాదు. గరువుపాలెం సమాజంలో మొదటి అంకం మహారాజు ఏడుకొండలు. బానపొట్ట, కంచు గొంతు. రెండో అంకంలో అదే మహారాజు బసవలింగం. వెదురుబొంగు లాంటి మనిషి. తెర పడి లేచేలోపు మహారాజు అంతలా చిక్కిపోయాడేమని ఏ ప్రేక్షకుడూ అడగడు. కిరీటం ఒకటే, రాజూ ఒకడే, లోపలి మనిషి మారాడంతే. ఇందులో వింతేమీ లేదు. వింత ఏదన్నా ఉంటే అది మొదటి మహారాజు వేళకి వేదిక దిగడం. జనంలోంచి 'వన్స్ మోర్' అని ఒక్క కేక వినపడితే ఏడుకొండలు పాడిన పద్యం మళ్ళీ పాడతాడు. ఎవరూ కేక వెయ్యకపోతే తనకి వినపడిందని పాడతాడు. తెర వెనక రెండో మహారాజు మీసం అంటించుకుని, చెమటకి అది ఊడి, మళ్ళీ అంటించుకుని కూర్చుంటాడు.

మిగిలిన ఆ కాస్త వేళలోనే బసవలింగం పేరు తెచ్చుకున్నాడు. పద్యంతో కాదు, నడకతో. తెర పక్క నుంచి సింహాసనం దాకా అతను నడిచొచ్చే తీరుకి ఈలలు పడేవి. పద్యం ఏడుకొండలిది, పాదం బసవలింగానిది అని జనం పంపకం పెట్టేశారు. ఇప్పుడా పాదమే పక్కకి తిరిగి ఉంది. కుంటే మహారాజుకి ఏ నాటకంలోనూ సింహాసనం ఉండదని అతనికి తెలుసు. దారి పొడుగునా ఆటో గతుకుల్లో పడినప్పుడల్లా పళ్ళు బిగబట్టాడే గానీ, ఒక్క మాటా మాట్లాడలేదు.

పెద్దాసుపత్రి ఎముకల విభాగానికి కొత్తగా ఒక స్వాగత ద్వారం కట్టారు. దాని మీద 'నడిచి రండి, నడిచి వెళ్ళండి' అని రాసుంది. దాని కింద నేల మీద రెండు తెల్లగీతలు, ఒక గీత పక్కన కుర్చీ, కుర్చీలో పానకాలు. నిన్నమొన్నటి దాకా స్కానింగు గది ముందు చెప్పులకి కాపలా కాసేవాడు. చెప్పులతో ఇంత అనుభవం ఉన్నవాడికి కాళ్ళ సంగతి తెలియకుండా ఉంటుందా అని అతన్ని నడక అధికారిగా వేశారు.

"పేషెంటు ఎవరు?" అన్నాడు పానకాలు.

"ఈయనే. కాలు విరిగింది" అంది మంగతాయారు.

"దిగమనండి. ఈ గీత కాణ్ణుంచి ఆ గీత దాకా నడవమనండి. ఎవర్నీ పట్టుకోకూడదు."

"విరిగిందండీ."

"విన్నానమ్మా. ఇది ఎముకల వార్డు, వచ్చినోళ్ళంతా అదే మాట చెబుతారు. నడిస్తేనే చేర్చుకుంటాం."

"నడవగలిగితే మీ కాడికెందుకొస్తాం?"

"నడవలేనోళ్ళు మా కాడికెందుకొస్తారు?" అన్నాడు పానకాలు. నిజంగానే అతనికి అర్థం కాలేదు.

అతని తప్పు కాదు. విరిగిన కాళ్ళకి ఏ ఆసుపత్రిలో వైద్యం బాగా జరుగుతోందో కనిపెట్టాలని పైవాళ్ళకి ఒక మంచి ఆలోచన వచ్చింది. మంచి ఆలోచనలు పైనుంచి కిందికి దిగేటప్పుడే కాలు జారుతుంటాయి. ఎముకల వార్డు నుంచి ఎంతమంది తమంతట తాము నడిచి ఇంటికి వెళ్ళారో చూసి, దానికి 'నడక సూచీ' అని పేరు పెట్టి, అందులో అట్టడుగున ఉన్న సూపరింటెండెంటుకి ఏజెన్సీకి బదిలీ, అగ్రాన ఉన్నాయనకి పదోన్నతి అన్నారు.

ఇక్కడి సూపరింటెండెంటు డాక్టర్ విశ్వంభరరావు చర్మవ్యాధుల నిపుణుడు. దేన్నయినా పైపైన చూడటం ఆయనకి వృత్తిరీత్యా వచ్చిన అలవాటు. ఆయన వార్డులో పగలంతా నిలబడి చూసి ఒక సత్యం కనుగొన్నాడు. మోసుకొచ్చిన వాళ్ళు ఆపరేషన్ అయ్యాక కూడా వాకరు పట్టుకుని నత్తల్లా పోతున్నారు. నడిచొచ్చిన వాళ్ళు మాత్రం శుభ్రంగా నడిచి పోతున్నారు. అంటే లోపం వైద్యంలో లేదు, రోగుల్లో ఉంది. మర్నాడే తెల్లగీతలు పడ్డాయి. ఇప్పుడు వార్డులో ఉన్నవాళ్ళంతా నడకలో నిష్ణాతులు. పొద్దున్నే పార్కుల్లో నడిచే పెద్దమనుషులు, కాల్లో ముల్లు దిగిన ఒక డ్రిల్లు మాస్టారు, ఆసుపత్రిలో ఇచ్చే పాలూ గుడ్డూ అరటిపండూ కోసం వచ్చిన ఆయన తోడల్లుడు. నడవలో నడవాలి, నడవలేని వాళ్ళు నడవలోకి రాకూడదు, ఇదీ నియమం.

మంగతాయారు గొంతు విని సూపరింటెండెంటే బయటికొచ్చాడు.

"అమ్మా, ప్రస్తుత పరిస్థితుల్లో, ఫలితాధారిత దృక్పథాన్ని పురస్కరించుకుని, మా సంస్థ స్వయంచలన సామర్థ్యం గల రోగులకు ప్రాధాన్యమివ్వాలని నిర్ణయించడమైనది."

"అయ్యా, నాకు సగం అర్థమయింది. ఆ సగం కూడా బాగాలేదు" అంది మంగతాయారు. "ఈయన్ని ఎక్కడికి తీసుకుపోమంటారు?"

"పక్క జిల్లాకి వెళ్ళవచ్చును. అయితే అక్కడి నిబంధనలు మరింత కఠినమైనవి. అక్కడ మెట్లెక్కాలి."

అప్పుడే ఎముకల డాక్టరు హైమావతి బయటికి వచ్చింది. ఫోనులో రాడ్డు గురించి చెప్పింది ఆవిడే. ఆపరేషన్లు లేక ఆవిడ ఆ పూట ఫ్యాను రెక్కలు తుడిపిస్తోంది. ఎక్స్‌రే పట్టుకుని వెలుతురుకి ఎత్తి చూసింది. ఆకలి మీదున్న మనిషి విస్తరిని చూసినట్టు చూసింది.

"ఈ వారంలో చేస్తే కొత్త కాలులా అతుకుతుంది" అంది బసవలింగంతో. "ఆలస్యం చేశామంటే ఎముక దాని ఇష్టమొచ్చినట్టు అతుక్కుంటుంది. అప్పుడు కాలు పొట్టిదవుతుంది, వంకర తేలుతుంది. కానీ వార్డులో పేరు లేనివాళ్ళని నేను టేబులెక్కించకూడదు. పేరు తెచ్చుకోండి, కాలు నేను చూసుకుంటాను."

ఆవిడ వెళ్ళిపోయాక ముగ్గురూ వేపచెట్టు కింద సిమెంటు బెంచీ దగ్గర చేరారు. బసవలింగం ఉదయం నుంచీ అన్న మొదటి మాట అక్కడే అన్నాడు.

"బావా, మొదటి అంకం నువ్వాడు."

ఏడుకొండలికి రెండోసారి చెప్పనక్కర్లేకపోయింది. ఆ మాటలో మోసం ఉందని ముగ్గురిలో ఎవరికీ తోచలేదు. రాజ్యాలేలే మహారాజునే ఇద్దరు పంచుకున్నప్పుడు, కాలు విరిగిన బసవలింగాన్ని పంచుకోవడం ఒక లెక్కా? ఏడుకొండలు నడిచి లోపలికెళ్ళి మంచం మీద పేరు రాయించుకోవాలి. తరవాత దిగిపోవాలి, బసవలింగం ఎక్కాలి. తెర ఒక్కటే తక్కువ.

ఏడుకొండలు తువ్వాలు భుజాన వేసుకుని తెల్లగీత మీద నిలబడ్డాడు. పేరు అడిగితే "బసవలింగం" అన్నాడు, రాగం తీసి. గడ్డం పైకెత్తి, కుడిచెయ్యి నడుం మీద పెట్టి, ఎడమకాలు ముందుకి జార్చి, ఒక్క క్షణం ఆగి, అడుగు వేశాడు. దూరాన బెంచీ మీద ఉన్న బసవలింగం మొహం మాడిపోయింది.

"అది నా నడకే" అన్నాడు పెళ్ళాంతో.

"ఊరుకో. ఇప్పుడు ఆ కాళ్ళూ నీయేగా."

గీతకి ఆవల నర్సులూ ఆయాలూ చేరి చప్పట్లు కొట్టారు. పానకాలు ఉద్యోగంలో చేరాక ఇలాంటి నడక చూడలేదు. "ఇంకోసారి నడవండి సార్" అన్నాడు. ఏడుకొండలు మూడుసార్లు నడిచాడు, చివరిది ఎవరూ అడగనిది.

ఇక బసవలింగాన్ని లోపలికి చేర్చడం మిగిలింది. రోగులే నడిచి రావాలి గానీ, రోగుల్ని చూడటానికి వచ్చేవాళ్ళు ఎలా వచ్చినా పానకాలుకి అభ్యంతరం లేదు. సాయంత్రం మంగతాయారు మొగుణ్ణి చక్రాల కుర్చీలో కూర్చోబెట్టుకుని, విరిగిన కాలు పలక మీద చాపించి, రెండు బత్తాయిలు ఒళ్ళో పెట్టి, దర్జాగా తోసుకుపోయింది.

"ఎవర్ని చూడాలి?"

"బసవలింగాన్ని" అన్నాడు బసవలింగం.

"బాగున్నాడు పోండి. మీరే కాస్త జాగ్రత్త" అన్నాడు పానకాలు.

ఏడుకొండలు మంచం మీద బాసింపట్టు వేసుకుని గుడ్డు వొలుస్తున్నాడు. 

"దిగు బావా. నా అంకం" అన్నాడు బసవలింగం.

"ఉండెహె, గుడ్డు తిననీ."

గుడ్డు అయ్యాక పాలు వచ్చాయి. పాలు అయ్యాక వ్యాయామం నేర్పే అమ్మాయి వచ్చి నడిపించింది. వార్డు వార్డంతా మంచాలు దిగి నిలబడి చూసింది. డ్రిల్లు మాస్టారు 'వన్స్ మోర్' అన్నాడు. ఆ మాట అనకుండా ఉండాల్సింది. విజిటర్ల వేళ అయిపోయిందని గంట కొట్టి, ఆయా బసవలింగాన్ని కుర్చీతో సహా వరండాలోకి తోసేసింది.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. బసవలింగం తనని తాను పరామర్శించుకోవడానికి రోజూ వస్తాడు. మొదటి బసవలింగం మంచం మీద రోజురోజుకీ లావవుతుంటే, రెండో బసవలింగం కాలు వరండాలో రోజురోజుకీ వాస్తోంది.

"ఏం అన్నయ్యా, నీకు సిగ్గనిపించట్లా?" అంది మంగతాయారు.

"చెల్లెమ్మా, నేను దిగనంటన్నానా? జనం దిగనివ్వట్లా. రేపు పొద్దున ఒక్క నడక నడిచి దిగుతా. నా మాట మీద నాకు నమ్మకముంది."

"ఆ నమ్మకం నీకొక్కడికే ఉంది. ఆయన కాలు వంకర తేలితే నువ్వే ఒంటరిగా రెండంకాలూ ఆడుకోవచ్చనా?"

ఏడుకొండలు అరటిపండు తొక్క తీస్తున్నవాడల్లా ఆగిపోయాడు. ఆ ఆలోచన అతనికి రాలేదనలేము. వచ్చి, కాసేపు కూర్చుని, సిగ్గుపడి వెళ్ళి, మళ్ళీ వచ్చిన ఆలోచనే అది. బసవలింగం ఒళ్ళో బత్తాయిని అటూ ఇటూ తిప్పాడు. వార్డులో తిరుగుతున్న హైమావతి ఆగి చూసి, "పేరు మంచం మీదుంది, కాలు వరండాలో ఉంది. ఇంకా ఎన్నాళ్ళు?" అంది మెల్లిగా. ఆవిడకి అంతా తెలుసునని ముగ్గురికీ అప్పుడే తెలిసింది.

మర్నాడు మధ్యాహ్నం ఏడుకొండలు గడ్డం గీయించుకోవడానికి బయటికి వెళ్ళాడు. సరిగ్గా అప్పుడు విశ్వంభరరావు వార్డులోకి వచ్చాడు, చేతిలో పై ఆఫీసు ఉత్తర్వు, నుదుటి మీద చెమట.

"మాన్య రోగులారా. రేపు పరిశీలక బృందం విచ్చేయనున్నది. అయితే సూచీ నిర్వచనంలో 'శస్త్రచికిత్సానంతర నడక' అనే పదబంధం ఉన్నట్లు ఇప్పుడే మా దృష్టికి వచ్చినది. మన వార్డులో శస్త్రచికిత్స జరిగిన వారు ఒక్కరూ లేకపోవుట విచారకరం. కావున మీలో అత్యుత్తమంగా నడుచువారికి తక్షణమే శస్త్రచికిత్స నిర్వహించవలెనని ప్రతిపాదించడమైనది."

ప్రతిపాదనలో పాదం ఉందన్న సంగతి అందరికీ ఒకేసారి వెలిగింది. డ్రిల్లు మాస్టారు ముల్లు సంగతి మరిచి మొదటి అంగ వేశాడు. ఆయన వెనక తోడల్లుడు, ఆ వెనక పార్కు పెద్దమనుషులు. క్షణంలో వార్డు ఖాళీ అయింది. పరుగుని కూడా నడక కింద జమకట్టవచ్చునేమో చూడమని సూపరింటెండెంటు గుమస్తాకి పురమాయించాడు.

"ఏం ఆపరేషన్ చెయ్యమంటారు సార్?" అని అడిగింది హైమావతి.

"కాలికి సంబంధించినదై ఉండవలెను. వివరాలు మీ విచక్షణకు వదిలివేయడమైనది."

"విరగని కాలికా?"

"ఫలితం పట్ల నాకు నమ్మకం కలగడానికి కారణం అదే."

హైమావతి వరండా వైపు చూసింది. చక్రాల కుర్చీలో బసవలింగం, వెనక మంగతాయారు. "సరే సార్. మంచాల మీద మిగిలిన పేరు ఒక్కటే, బసవలింగం. ఆ బసవలింగానికే చేస్తాను" అంది.

నున్నగా గీయించుకుని తిరిగొచ్చిన ఏడుకొండలికి ఖాళీ మంచాలు కనపడ్డాయి గానీ కారణం కనపడలేదు. నర్సు ఎదురొచ్చింది.

"బసవలింగం గారూ, పదండి. థియేటరుకి."

ఏడుకొండలు మొహం వెలిగిపోయింది. "ఇక్కడ కూడా ఉందా? జనం ఎంతమంది?"

"డాక్టరమ్మ, మత్తు డాక్టరు, నేను."

"ముగ్గురేనా? పోనీలే, రసికులుంటే చాలు. లైట్లు బాగుంటయ్యా?"

"తల మీదే ఉంటది పెద్ద లైటు."

"అదీ పద్ధతి."

అతను నడిచే వెళ్ళాడు, ఆ నడకే. ఆకుపచ్చ గౌను తొడిగితే వేషం అనుకున్నాడు. టేబులు మీద పడుకోమంటే శయన దృశ్యం అనుకున్నాడు. లైటు వెలిగాక పక్కన బల్ల మీద సుత్తీ, డ్రిల్లింగు మిషనూ, స్టీలు రాడ్డూ కనపడ్డాయి. వడ్రంగి సామాను వేదిక మీద ఎందుకుందని అడిగాడు.

"మీ కోసమే" అంది హైమావతి గ్లౌజులు తొడుక్కుంటూ. "రేపు మీరు ఆపరేషన్ అయిన కాలితో నడవాలి. మీకు కాలు విరగలేదు కాబట్టి మీకొక సౌకర్యముంది. కుడి కావాలా, ఎడమ కావాలా, మీరే చెప్పొచ్చు."

ఏడుకొండలు నోరు తెరిచాడు. కంచు గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. 'వన్స్ మోర్' వినకుండా అతను వేదిక దిగింది జీవితంలో అదే మొదలు. ఆకుపచ్చ గౌను ఎగురుతుండగా తలుపు తోసుకుని బయటపడి, అక్కడ ఎదురుచూస్తున్న చక్రాల కుర్చీని కౌగలించుకున్నాడు.

"లింగం, నీ అంకం వచ్చేసింది. పద, పద."

"గుడ్డు తినొచ్చి వెళ్దామా బావా?" అన్నాడు బసవలింగం.

బసవలింగం లోపలికెళ్ళాడు. తలుపు మూసుకుంది. మంగతాయారు బయట బెంచీ మీద కూర్చుని తలుపు వైపు చూస్తుంటే, ఏడుకొండలు గౌనుతోనే ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమె పక్కకి జరిగింది. అతను ఇంకొంచెం దూరం జరిగాడు. చాలాసేపటికి హైమావతి మాస్కు దించుకుంటూ వచ్చి, "రాడ్డు చక్కగా కూర్చుంది. రేపటి నుంచి వాకరుతో లేవదీసి, రోజూ వ్యాయామం చేయిస్తాం. అది సరిగా జరిగితే కాలు నిటారుగా ఉంటుంది. ఇక్కణ్ణుంచి కదిలించకండి" అంది. మంగతాయారు అప్పుడు ఏడ్చింది.

మర్నాడు పరిశీలక బృందం వచ్చింది. అందరూ కుర్చీల్లో సర్దుకోగానే బృందం అధ్యక్షుడు, "శస్త్రచికిత్సానంతర రోగిని ప్రవేశపెట్టండి" అన్నాడు.

విశ్వంభరరావు గొంతు సవరించుకుని, "బసవలింగం" అని పిలిచాడు.

మంచం మీద మత్తు పూర్తిగా వదలని బసవలింగం చెయ్యెత్తబోయాడు. ఆ లోపే తలుపు దగ్గర నిలబడి ఉన్న ఏడుకొండలు నడిచేశాడు. నడవాలని కాదు. కుర్చీల్లో జనం ఉన్నారు, పేరు పిలిచారు. కాళ్ళు వాటంతట అవే బయల్దేరాయి. గడ్డం పైకి, చెయ్యి నడుం మీద, ఎడమకాలు జార్చి, ఆగి, అడుగు.

బృందం నిలబడిపోయింది.

"ఈయనకి నిన్న ఆపరేషన్ జరిగిందా?" అన్నాడు అధ్యక్షుడు.

"నిన్ననే" అన్నాడు విశ్వంభరరావు.

"గాటు ఏదీ?"

సూపరింటెండెంటు వంగి ఆ పిక్కని పరిశీలించాడు. చర్మం ఆయన సొంత శాఖ. "గాటు పడని శస్త్రచికిత్స. మా సంస్థ ప్రత్యేకత" అన్నాడు, తన వ్యాఖ్యకి తానే ఆశ్చర్యపోతూ.

అధ్యక్షుడు పూలదండ తెప్పించి ఏడుకొండలు మెళ్ళో వేశాడు. "ఇటువంటి ఫలితమున్నప్పుడు మంచాల ఆవశ్యకతే లేదు. మరునాడే నడుచు రోగికి పడక దేనికి? బసవలింగాన్ని డిశ్చార్జి చేసి, ఆ మంచం తొలగించండి."

పానకాలు మంచం తొలగించడానికి వచ్చి, దాని మీద మనిషి ఉండటం చూశాడు. "ఏమయ్యా, నువ్వు విజిటరువి కదా? ఈ మంచం మీదెందుకు పడుకున్నావు? బసవలింగం డిశ్చార్జయ్యాడు. లే, లే."

"లేవలేనయ్యా. నేనే బసవలింగం."

"ఆయన అడుగో, దండేసుకుని ఉన్నాడు" అని పానకాలు మంచానికి అటు పక్క పట్టాడు, ఇంకొకణ్ణి ఇటు పక్క పట్టమన్నాడు. మంగతాయారు మంచానికి అడ్డంగా నిలబడింది.

"చెయ్యి తియ్యి. ఆయన కాల్లో నిన్ననే రాడ్డేశారు. కదిలిస్తే ఊరుకోను."

"ఎవరీమె?" అన్నాడు అధ్యక్షుడు.

"బసవలింగం భార్యని."

"సంతోషం. మీ భర్తను తీసుకుని వెళ్ళవచ్చును" అని ఏడుకొండల్ని చూపించాడు.

మంగతాయారు ఏడుకొండల్ని చూసింది. తిట్టలేదు. బసవలింగమూ చూశాడు, దుప్పటి పైకి లాక్కుంటూ. ఏడుకొండలికి మెళ్ళో దండ ఉంది, ఎదురుగా జనం ఉన్నారు, బృందంలో ఒక కుర్రాఫీసరు సెల్‌ఫోనులో ఫొటో తీస్తూ ఇంకోసారి నడవమంటున్నాడు. అతను దండని రెండు చేతులా పట్టుకుని కాసేపు నిలబడ్డాడు.

"అయ్యా" అన్నాడు చివరికి. గొంతులో రాగం లేదు. "నేను మొదటి బసవలింగాన్నండి. రెండో బసవలింగం ఆ మంచం మీదున్నాడు. కాలు విరిగిందీ, కోసిందీ, కుట్టిందీ అన్నీ ఆయనకే. మీ గీతల మధ్య ఆయన నడవలేకపోతే ఆయన తరఫున నేను నడిచా. మా నాటకాల్లో ఇది మామూలే. వేళకి దిగకపోవటం ఒక్కటే నా తప్పు. ఈ నడక కూడా ఆయనదేనండి. నేను ఎరువు తెచ్చుకున్నా."

దండ తీసి మంచం మీద పెట్టాడు. హైమావతి ముందుకొచ్చి దుప్పటి తొలగించి కట్టు చూపించింది, ఆపరేషన్‌కి ముందుదీ తరవాతదీ ఎక్స్‌రేలు రెండూ పక్కపక్కన పెట్టింది. ఎవరు వచ్చారు, ఎవరు చేరారు, ఎవరు పరామర్శించారు, ఎవరు పారిపోయారు, ఎవరిని కోశారు అన్నీ మొదటి నుంచి చివరి దాకా చెప్పింది. నర్సులు నోళ్ళు మూసుకుని నవ్వారు. పానకాలు మంచం వదిలేసి, రోజూ తాను లోపలికి పంపిన బత్తాయిల మనిషిని కళ్ళప్పగించి చూశాడు. విశ్వంభరరావు గోడ మీద ఏజెన్సీ ప్రాంతాల పటం వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నిస్తున్నాడు.

అధ్యక్షుడు వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు.

"అనగా, ప్రథమ రోగి నడిచి చేరినాడు. ద్వితీయ రోగికి శస్త్రచికిత్స జరిగినది. ప్రథమ రోగి నడిచి వెళ్ళుచున్నాడు."

"అవునండి" అంది హైమావతి.

"ఇందులో నిబంధన ఎక్కడ ఉల్లంఘించబడినది?"

విశ్వంభరరావు మొహంలోకి నెమ్మదిగా రంగు వచ్చింది.

"ఇది అనుసరణీయమైన విధానం" అన్నాడు అధ్యక్షుడు. "ఇకపై కాలు విరిగిన ప్రతివారూ నడవగల ఒక ప్రథమ రోగిని వెంట తీసుకురావలెను. చేరుట, వెళ్ళుట ప్రథమ రోగి బాధ్యత. విరుగుట, బాగుపడుట ద్వితీయ రోగి అంతర్గత వ్యవహారం. మంచం ద్వితీయ రోగికి ఉంచవచ్చును."

బృందం ఏడుకొండల్ని వెంటబెట్టుకుని స్వాగత ద్వారం దగ్గర ఫొటోకి వెళ్ళింది. ఈసారి అతను వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ, మామూలుగా నడిచాడు. వార్డులో ముగ్గురే మిగిలారు, గుమ్మం దగ్గర పానకాలు.

హైమావతి వాకరు తెచ్చి మంచం పక్కన పెట్టింది. బసవలింగం దాని మీద బరువంతా వేసి, పళ్ళు బిగబట్టి లేచి నిలబడ్డాడు. నుదుటి మీద చెమట పట్టింది. కాలు నేలకి ఆనింది. తిన్నగా ఆనింది. అయినా అడుగు వెయ్యడానికి ధైర్యం చాలలేదు.

"ఈయన నడక లెక్కలోకి రాదమ్మా" అన్నాడు పానకాలు, తన ఉద్యోగధర్మంగా. "ద్వితీయ రోగి కదా."

"మరీ మంచిది" అంది మంగతాయారు మొగుడి నడుం చుట్టూ చెయ్యేసి. "విన్నావా? పడినా లెక్కలోకి రాదంట. అడుగెయ్యి."

బసవలింగం అడుగేశాడు.